బజారులోకి బస్సు తెచ్చిన మా మేనకోడలు

మా మేనకోడలు జీవితంలో మొట్టమొదట కష్టపడి గెలుచుకున్నది పెద్ద బండ్ల లైసెన్సు. నాలుగోసారికి గెలుచుకుంది. మొదటి మూడుసార్లూ తప్పింది చేతకాక కాదు. మొదటిసారి పరీక్ష పెట్టే అధికారి బండి దగ్గరికొచ్చి, సీట్లో కూర్చున్న ఆమెను చూసి, "డ్రైవరెక్కడమ్మా?" అని అడిగాడు. "నేనేనండీ" అంది. అది విని వచ్చిన నవ్వు ఆపుకోవడంలోనే ఆయనకు ఆ పూట గడిచిపోయింది. రెండోసారి వాళ్ళిచ్చిన బండికి బ్రేకు సరిగా లేదు. మూడోసారి వాన. నాలుగోసారి బండిని వెనక్కి నడిపి రెండు స్తంభాల మధ్య నిలపమన్నారు. అంత పొడుగు బండినీ అగ్గిపెట్టెలో పుల్ల పెట్టినట్టు పెట్టి, దిగి, చేతులు దులుపుకుంది. అధికారి బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి సంతకం పెట్టాడు. ఈసారి నవ్వలేదు.

వెనక్కి నడపడం ఆమెకు నేర్పింది నేను. చెప్పుకోవాల్సింది చెప్పుకోవాలి కదా. మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. నా దస్తూరీ చూపించి మా మాస్టారు మిగతా పిల్లలకు చీవాట్లు పెట్టేవారు. చదువయ్యాక ఇటుకల బట్టీలో లారీ తోలాను. నా బండికి క్లీనరు అక్కర్లేదని యజమాని నలుగురిలో అనేవాడు. మా చెల్లెలి భర్త వయసులో ఉండగానే పోతే, తల్లీబిడ్డా నా ఇంటికే వచ్చారు. పిల్ల బడి నుంచి నేరుగా బట్టీకి వచ్చి లారీ మెట్టు మీద కూర్చునేది. కాళ్ళు పెడల్సుకు అందిన రోజున నేర్పడం మొదలెట్టాను. పచ్చి ఇటుకలు ఆరబెట్టిన రెండు వరసల మధ్యకు లారీని వెనక్కి తేవాలి. ఎన్ని ఇటుకలు పడితే అన్నీ తనే మట్టి పిసికి మళ్ళీ అచ్చు పోయాలి. మొదట్లో మోచేతుల దాకా మట్టితోనే ఇంటికొచ్చేది. పోనుపోను చేతులు కడుక్కోవాల్సిన పని లేకుండా పోయింది.

"ఆడపిల్లకు లారీ ఏమిటన్నయ్యా?" అని మా చెల్లెలు నెత్తి కొట్టుకునేది. "రేపు దీన్ని చేసుకోబోయేవాడు ఎక్కడ కూర్చుంటాడు?"

"వెనకాల. టిక్కెట్టు కొనుక్కుని," అన్నాను.

అదే జరిగింది. ఆ సంగతి కొంచెం ముందుకు పోయాక చెబుతాను.

మేముండేది నగరం అంచున పెరిగిన చిన్న టౌను. ఉద్యోగాలన్నీ నగరంలో, పడకలన్నీ ఇక్కడ. నడిబొడ్డున పాత బజారు. మందుల షాపు, పోస్టాఫీసు, బడి, బట్టల కొట్లు, కూరల అంగళ్ళు అన్నీ అక్కడే. టౌను మొత్తానికి ఏం కావాలన్నా అక్కడికి రావాల్సిందే. బస్సు మాత్రం అక్కడికి వచ్చేది కాదు. పెద్దరోడ్డు మీద ఆగి, పెద్దరోడ్డు మీదుగానే పోయేది. బజారు నుంచి పెద్దరోడ్డు దాకా నడవడానికి బాట అంటూ లేదు. ఒక పక్క మురుగుకాలవ, ఒక పక్క బళ్ళు. మధ్యలో మనిషికి మిగిలింది పాదం వెడల్పు. పిల్లల్నెత్తుకున్న తల్లులు, మూటలెత్తుకున్న ముసలివాళ్ళు ఆ పాదం వెడల్పు మీదే ఒకరి వెనక ఒకరు చీమల్లా పోయేవాళ్ళు.

మా మేనకోడలికి డ్రైవరు ఉద్యోగమిచ్చి ఆ రూటుకే వేశారు. రోజూ అద్దంలోంచి ఆ చీమలబారును చూసి చూసి, ఒకరోజు డిపో మేనేజరు దగ్గరికి పోయి, "సార్, బస్సును బజారులోకి తీసుకుపోతాను" అంది.

"ఏ బస్సును?"

"నా బస్సునే సార్."

"తీసుకుపోతావు, బాగానే ఉంది. మళ్ళీ బయటికి తీసుకురావద్దూ? ఆ సందులో తిప్పే చోటేదమ్మా?"

ఆయన మాటలోనూ న్యాయముంది. బజారు చివర మలుపులో గడియారాలు బాగుచేసే కొట్టు ఒకటి ఉంది. దాని రాతిమెట్లు వీధిలోకి బాగా పొడుచుకొచ్చి ఉండేవి. అవి ఉండగా పొడుగు బస్సు తిరగదు. మేనకోడలు ఓ సెలవురోజున తాడు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని అక్కడికి పోయింది. తాడుకు ఒక కొసన నేను, ఇంకో కొసన ఆమె. కొట్టు యజమానిని బజారంతా గడియారాలాయన అనేవాళ్ళు. ఆయన కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే బయటికి తొంగిచూశాడు.

"ఏమ్మాయ్, నా కొట్టుకు కొలతలు తీస్తున్నావు? చొక్కా కుట్టిస్తావా ఏం?"

"మీ మెట్లు అడ్డం బాబాయిగారూ. అవి లేకపోతే బస్సు ఇక్కడ తిరుగుతుంది."

"అవి లేకపోతే నా దగ్గరికొచ్చేవాళ్ళు ఎగిరి రావాలా?"

"బస్సొస్తే మీ దగ్గరికి ఇంకా ఎక్కువమంది వస్తారు. ఎగిరైనా వస్తారు."

ఆయన భూతద్దం తీసి ఆమెను మామూలు కంటితో ఒకసారి చూశాడు. కొద్దిరోజులకు మేస్త్రీని పిలిపించి మెట్లు కొట్టించేశాడు. ఎవరూ మళ్ళీ అడగలేదు, ఆయన ఎవరితోనూ చెప్పలేదు. కొట్టు గుమ్మం ఎత్తున వేలాడుతున్నట్టు ఉండిపోయింది. ఆయన భార్య గుమ్మం ముందు ఒక చెక్కపెట్టె వేసి, బస్సు వచ్చే వేళకు దాన్ని లోపలికి లాక్కునేది. ఆ గుమ్మం ఇప్పటికీ అట్లాగే ఉంది.

మొదటిసారి బస్సు బజారులోకి వచ్చిన రోజున నేను ముందు సీట్లో కూర్చున్నాను. జనం రెండు పక్కలా గోడలకు అతుక్కుని చూస్తున్నారు. అంతా బాగానే ఉంది గానీ, బస్సు పక్కద్దం టైలరు కొట్టు ముందున్న గుడ్డ పరదా కొసను పట్టుకుని పరపరా చింపుకుంటూ పోయింది. మేనకోడలు బస్సు ఆపి దిగింది.

"ఏమనుకోకండి. కుట్టించి ఇస్తాను."

"ఎవరి దగ్గర కుట్టిస్తారు?" అన్నాడు టైలరు. "ఈ బజార్లో టైలర్ని నేనొక్కణ్ణే."

జనం గొల్లుమన్నారు. ఆ టైలరే మా అల్లుడయ్యాడు. పెళ్ళయ్యాక కూడా భార్య బస్సెక్కినప్పుడల్లా టిక్కెట్టు తీసుకునేవాడు. "ఇంటావిడ బస్సే కదయ్యా" అని కండక్టరు అంటే, "అందుకే తీసుకుంటున్నా. ఇంటికెళ్ళాక మాటలెవరు పడతారు?" అనేవాడు. మా చెల్లెలు ఆ మాట విని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. మరుసటేడు పోయింది. టైలరు కొట్టు పైనున్న రెండు గదుల్లో ఇప్పుడు మేం ముగ్గురం: మేనకోడలు, అల్లుడు, నేను.

ఇక తట్టడం గురించి చెప్పాలి. ఇది ఇంకే ఊళ్ళోనైనా ఉందో లేదో నాకు తెలియదు.

బజారు ఇరుకు. బస్సు నిలబడితే దానికీ కొట్లకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటే మిగులుతుంది. పరదాల కిందనుంచి వచ్చి బస్సు ముందుగా అవతలికి దాటే మనిషి పైన కూర్చున్న డ్రైవరుకు కనబడడు. కొత్తలో ఒకటి రెండుసార్లు అందరికీ గుండె గుభేలుమంది. అప్పుడు గడియారాలాయనే ఉపాయం చెప్పాడు. దాటే మనిషి ముందుగా బస్సు ఒంటిమీద రెండుసార్లు తట్టాలి. 'దాటుతున్నాను' అని. అవతలికి చేరాక ఒకసారి తట్టాలి. 'ఇక పో' అని. రెండు దెబ్బలు వినబడ్డాక, ఆ ఒక్క దెబ్బ వినబడేదాకా ఆమె బండి కదపదు.

ఆ బస్సు రేకుది. తడితే డబ్బాలా మోగేది. కొన్నాళ్ళకు ఆమె దెబ్బను బట్టి మనిషిని పోల్చుకునే స్థితికి వచ్చింది. మందుల షాపాయన ఉంగరంతో టంగుటంగుమనిపిస్తాడు. బడిపిల్లలు అరచేతులతో పటపటా బాదుతారు. గడియారాలాయనది మధ్యవేలి కణుపు, మెత్తగా, తూచినట్టు. తట్టాక ఎవరూ తలెత్తి ఆమె వైపు చూసేవారు కారు. తట్టామంటే ఆమెకు వినబడినట్టే. బజారంతా అట్లా నడిచింది.

ఆ రేకు బస్సు తోలినన్నేళ్ళూ ఆ బజారులో ఒక్కరికి గోరంత గీత పడలేదు. డిపోలో మంచి డ్రైవరుకిచ్చే షీల్డు ఆమె పేరు మీద ఉంది, మేనేజరు గదిలో అద్దాల బీరువాలో, తాళం వేసి. నేను రెండుసార్లు పోయి చూసొచ్చాను. ఆమె దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలు వేరే రూట్లలో బస్సులు తోలుతున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి పరీక్షకు పోతే, అధికారి "డ్రైవరెక్కడ?" అని అడగనే లేదట. ఆ సంగతి చెప్పడానికే మా గదులు వెతుక్కుంటూ వచ్చింది. బజారులోకి బస్సు రావడం మొదలయ్యాక మూతపడ్డ కొట్లు తెరుచుకున్నాయి. కార్లు తగ్గాయి. జనం నడవడం మొదలెట్టారు. పోస్టాఫీసు ముందు ఎవరో బల్లలు వేయించారు. ముసలివాళ్ళం అక్కడ కూర్చునేవాళ్ళం. "అదుగో, మీ అమ్మాయి వచ్చేసింది" అని పక్కవాళ్ళు అంటే, "ఎవరు నేర్పారనుకున్నారు?" అనేవాణ్ణి. రోజూ అనేవాణ్ణి. వాళ్ళు విసుక్కునేవాళ్ళు కూడా.

వీటన్నిటికీ మెప్పుగానే, డిపోకు వచ్చిన మొదటి కొత్త బస్సును ఆమెకిచ్చారు. బ్యాటరీ బస్సు. చప్పుడు లేదు, పొగ లేదు. లోపల చల్లగాలి. కిటికీలూ తలుపులూ సందు లేకుండా మూసుకుంటాయి. ఒళ్ళు దళసరి. గడియారాలాయన దాన్ని వేలి కణుపుతో తట్టి చూసి, "దీనికి గొంతు లేదమ్మాయ్" అన్నాడు. అందరం నవ్వాం. ఆమె మాత్రం తన పక్కనున్న అద్దం దించుకునే తోలేది. అద్దం దించి ఉంటే ఆ మూగ దెబ్బ కూడా చెవిన పడేది.

ఆ రోజు ఎండ మండిపోతోంది. బస్సు నిండుగా ఉంది. లోపల ఒక చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"అద్దం వేయి డ్రైవరమ్మా, ఉన్న చల్లదనమంతా బయటికే పోతోంది" అన్నారెవరో.

ఆమె అద్దం వేసింది.

గడియారాలాయన టీ తాగడానికి అవతలికి దాటబోయాడు. రెండుసార్లు తట్టాడు. తలెత్తకుండా నడిచాడు. ఏళ్ళ తరబడి బల్లమీదికి వంగి వంగి నడుము వంగిపోయిన మనిషి. ముందద్దానికి అందడు. ఆమె పక్కద్దాలు రెండూ చూసుకుంది. ఎవరూ లేరు. బ్రేకు వదిలింది.

ఆయన తట్టింది ఆమెకు వినబడలేదు. ఆమె కదిలింది ఆయనకు వినబడలేదు.

అక్కడికక్కడే పోయాడు.

తర్వాతవి నాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. బల్లమీద ఉన్నవాణ్ణి లేచి నిలబడ్డాను. కూరల అంగడి ముందు ఒకావిడ ఉల్లిపాయలు ఏరుకుంటూనే ఉంది, ఆవిడకు ఇంకా తెలియదు. మేనకోడలు చేతిబ్రేకు వేసింది, హెచ్చరిక దీపాలు వేసింది, తలుపులు తెరిచి జనాన్ని వెనక తలుపు నుంచి దిగమంది. చెయ్యాల్సినవన్నీ వరసగా చేసింది. దిగి, ముందుకు పోయి చూసి, వెనక్కొచ్చి బస్సు మెట్టు మీద కూర్చుంది. చిన్నప్పుడు లారీ మెట్టు మీద కూర్చున్నట్టే, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని. నేను పోయి పక్కన నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు.

విచారణలో ఆమె తప్పేమీ లేదని తేల్చారు. ఆ మాట చెప్పడానికి మేనేజరే మెట్లెక్కి మా గదులకొచ్చాడు.

"సరే సార్" అంది. "టీ పెట్టనా?"

"వద్దమ్మా. కోలుకున్నాకే రా. తొందరేం లేదు."

"సరే సార్."

ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మిగతా డ్రైవర్లు బజారులోకి రామంటున్నారు. వాళ్ళనీ తప్పుపట్టలేను. నువ్వు మళ్ళీ తోలితేనే ఆ రూటు ఉంటుంది. లేదంటే స్టాపును పెద్దరోడ్డు మీదికే మార్చేయాలి. నిన్ను బలవంతం చేయడం లేదు."

"సరే సార్."

అన్నిటికీ 'సరే సార్' అనే. ఆయన పోయాక టీ పెట్టి మా ఇద్దరికీ ఇచ్చింది. చక్కెర వేయలేదు. అల్లుడూ నేనూ ఆ సంగతి అనకుండా తాగేశాం.

మర్నాటి నుంచి కింద కొట్లో కూర్చుని గుండీలు కుట్టడం మొదలెట్టింది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేచి, మళ్ళీ కూర్చునేది. బాగానే తినేది. పెట్టింది తినేది, ఆపమంటే ఆపేది. బజార్లో హారను మోగినా తల తిప్పేది కాదు. ఒకరోజు అల్లుడు పాత చొక్కాల గుండీలు కత్తెరతో కత్తిరిస్తుంటే చూశాను.

"అవెందుకయ్యా ఊడబీకుతున్నావు?"

"ఇవ్వడానికి గుండీల పని అయిపోయింది మామయ్యగారూ" అన్నాడు గొంతు తగ్గించి. "లేదని చెబితే ఊరికే కూర్చుంటుంది."

అట్లా ఆమె నా చొక్కాలన్నిటికీ గుండీలు మళ్ళీ కుట్టింది. అంత గట్టిగా ఎప్పుడూ లేవు.

బస్సు పెద్దరోడ్డు మీదే ఆగుతోంది. చీమలబారు మళ్ళీ మొదలైంది. బజారులో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అనకపోగా కొట్టు ముందుకు రాగానే గొంతులు తగ్గించుకునేవాళ్ళు. పోస్టాఫీసు బల్లల దగ్గర నేను కూర్చుంటే కాసేపటికి ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచేవాళ్ళు. నేనూ పోవడం మానేశాను.

ఒకరోజు పొద్దున్నే గడియారాలావిడ వచ్చింది. ఆయన పోయాక ఆమె మా గుమ్మం తొక్కడం అదే మొదలు. మేనకోడలు సూది గుండీలోనే వదిలేసి లేచి నిలబడింది. అల్లుడు స్టూలు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"నిన్నే అడగడానికొచ్చా" అంది అల్లుడితో. "ఆ రోజు నువ్వు గుమ్మంలోనే ఉన్నావంటగా. ఆయన తట్టాడా?"

"తట్టారు పిన్నిగారూ."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. నేను చూశాను."

"నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పకు. ఈమధ్య ఆయనకు మరుపు. కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతికేవాడు. తట్టడం మరిచిపోయి నడిచాడేమోనని, ఇన్నాళ్ళూ అదే..." ఆవిడ చేతి సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"మరిచిపోలేదు పిన్నిగారూ. వేలి కణుపుతో తట్టారు. ఎప్పట్లాగే."

"అయితే సరే," అంది. తర్వాత మేనకోడలి వైపు తిరిగింది. "నాకివాళ కంటాసుపత్రిలో పరీక్ష ఉంది. పెద్దరోడ్డు దాకా ఒక్కదాన్నే పోలేను, కాలవ కనబడదు. తోడు రా."

మేనకోడలు చెప్పులు వేసుకుంది. ఆవిడ సంచీ నేను పట్టుకుని వెనక నడిచాను.

లారీ తోలినవాణ్ణి, ఆ దారి నాకు తెలుసుననుకునేవాణ్ణి. నడిస్తే తెలియదు అని తెలిసింది. కాలవమీద పలకలు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల లేవు. ఉన్నవాటి మీద కార్లు నిలిపి ఉన్నాయి. కారు చుట్టూ తిరిగి రోడ్డు మీదికి దిగితే వెనకనుంచి హారను. కొత్తగా కట్టిన షాపుల భవనం దగ్గర నీడగా ఉందని లోపలనుంచి పోబోతే, కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది కార్ల దారమ్మా."

"మనుషుల దారెటు?" అంది గడియారాలావిడ.

అతను కాసేపు ఆలోచించాడు. "మనుషులు కార్లలోనే వస్తారు" అన్నాడు.

మళ్ళీ కాలవ పక్కకే వచ్చాం. లారీ పోతుంటే దాని గాలికి ముగ్గురం ఒక పక్కకు ఒరిగాం. ఆవిడ మేనకోడలి మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది.

"ఈ రోడ్డు వేసినవాడికి కాళ్ళు లేవా ఏం?" అంది ఆవిడ.

"కారుండి ఉంటుంది" అన్నాను నేను.

ఎవరూ నవ్వలేదు. నవ్వాలని నేనూ అనలేదు.

పెద్దరోడ్డు మీద నీడలేని చోట నిలబడ్డాం. బస్సొచ్చి రోడ్డుకు అవతలి అంచున ఆగితే, దాటి దాని దగ్గరికి పోయాం. మేనకోడలు తోలిన ఆ కొత్త బస్సే, ఇప్పుడు వేరే కుర్రాడు తోలుతున్నాడు. ముందు తలుపు అవతల పక్కన ఉంది. ఆవిడ అలవాటు కొద్దీ బస్సు ఒంటిమీద రెండుసార్లు తట్టి, ముందునుంచి చుట్టి పోవడానికి అడుగేసింది. మేనకోడలు ఆవిడ చేతిని వదల్లేదు. అక్కడే ఆగి, తలెత్తి డ్రైవరును చూసింది. అద్దం వేసి ఉంది. కుర్రాడు ఏదో కూనిరాగం తీస్తున్నట్టు పెదాలు కదులుతున్నాయి. ఆమె చెయ్యెత్తి తనూ రెండుసార్లు తట్టింది. అతను తిరగలేదు. ఇంకా గట్టిగా తట్టింది. తిరగలేదు. అరచేత్తో బాదింది.

వెనక తలుపు నుంచి కండక్టరు తల బయటికి పెట్టి అరిచాడు. "ఏంటమ్మా, బస్సేం తప్పు చేసిందని కొడుతున్నారు? ఎక్కండి!"

అప్పుడు ఆమెను గుర్తుపట్టి, తల లోపలికి తీసుకున్నాడు.

ఎక్కాం. మేనకోడలు ప్రయాణికుల సీట్లో, కిటికీ పక్కన కూర్చుంది. ఆసుపత్రి వచ్చేదాకా బయటికే చూసింది. దిగబోయే ముందు, "బయటనుంచి చూస్తే లోపలి మనిషి సీసాలో ఉన్నట్టుంటాడు మామయ్యా" అంది. అన్ని రోజుల్లో తనంతట తాను అన్న మొదటి మాట అదే.

మర్నాడు గుండీలు కుట్టలేదు. డిపోకు పోయింది. నేనూ పోయాను.

"తడితే లోపలికి వినబడాలి సార్" అంది మేనేజరుతో. "అద్దం వేసి ఉన్నా వినబడాలి."

"నువ్వు అద్దం దించుకునే తోలు. ఎవరేమన్నా నేను చూసుకుంటా."

"నేను దించుకుంటాను సార్. నా తర్వాత తోలేవాళ్ళు వేసుకుంటారు. ఎండాకాలం ఎవరైనా వేసుకుంటారు."

ఆయన పెన్ను టోపీ తీసి, పెట్టి, తీశాడు. పెద్ద వర్కుషాపుకు ఫోను చేశాడు. అక్కడివాళ్ళు మంచివాళ్ళు, మాట మధ్యలో నవ్వలేదు. బస్సు ఒంటికి రెండు పక్కలా చప్పుడు పట్టే చిన్న మైకులు పెట్టి, డ్రైవరు చెవి దగ్గర స్పీకరు పెట్టవచ్చన్నారు. కానీ వానలో, జనం గోలలో, రాళ్ళ దారిలో పరీక్షించి చూడాలి. ఏ చప్పుడు మనిషి దెబ్బో, ఏది కాదో పోల్చగలిగిన డ్రైవరు కావాలి. పరీక్షలయ్యేదాకా ఆ డ్రైవరు అక్కడే ఉండాలి.

"నువ్వు పోతావా?" అన్నాడు మేనేజరు.

"పోతాను."

"ఆ తర్వాత తోలుతావా?"

దానికి మాత్రం 'సరే సార్' అనలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. వర్కుషాపు వాళ్ళ జవాబు వచ్చేదాకా స్టాపు సంగతి తేల్చనని మాత్రం అన్నాడు.

పెట్టె సర్దింది అల్లుడే. వర్కుషాపు దూరం, వేరే ఊరు. బస్సులోనే పోయింది. అల్లుడు పెద్దరోడ్డు దాకా పోయి ఎక్కించి వచ్చాడు. ఆమెకు టిక్కెట్టు కూడా అతనే తీశాడట.

వారానికోసారి ఫోను చేస్తుంది. ఆ మాటల్లో పెద్దగా ఏమీ ఉండదు.

"తిన్నావా అమ్మలూ?"

"తిన్నాను."

"వినబడుతోందా?"

"వినబడుతోంది. ఇక్కడివాళ్ళు సుత్తితో కొడతారు, కర్రతో కొడతారు, చేత్తో తడతారు. ఏది ఏదో నేను చెబుతాను."

"అన్నీ సరిగ్గా చెబుతున్నావా?"

"చెబుతున్నాను. వేలి కణుపు మాత్రం ఎవరూ తట్టడం లేదు మామయ్యా. తట్టమని నేనే చెప్పాను. నిన్న తట్టారు."

"వినబడిందా?"

"వినబడింది."

అల్లుడు మిషను తొక్కడం ఆపి నా ముఖం చూస్తున్నాడు.

ఈ సంగతి నేను గడియారాలావిడకు చెప్పి వచ్చాను. ఆవిడ కొట్టు తెరుస్తోంది, చూపు సరిగా లేకపోయినా. గడియారాలు బాగుచేయడం రాదు, తెచ్చినవి తీసుకుని నగరంలో ఎవరికో పంపుతుంది. గుమ్మం ముందు చెక్కపెట్టె వేసి ఉంది. బస్సు రావడం లేదు కాబట్టి దాన్ని లోపలికి లాక్కోవాల్సిన పని లేదు. "ఎప్పుడొస్తుందో చెబితే లోపల పెట్టుకుంటా" అంది, పెట్టెను చూపించి.

నిన్న మేనకోడలు మళ్ళీ ఫోను చేసింది. పరీక్షలు అయిపోయాయంది. మైకులు పెట్టిన బస్సును మన డిపోకు పంపుతున్నారంది.

"మరి నువ్వు?" అన్నాను.

"నేనూ వస్తాను."

"బస్సులో వస్తావా, బస్సును తెస్తావా?"

ఆమె వైపు ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఆగిపోయింది.

"తెస్తాను," అంది. "బజారు దాకా తెస్తాను. అద్దం దించుకునే తెస్తాను. పిన్నిగారికి చెప్పు."

చెప్పాను. అల్లుడు పరదా కొసను వెనక్కి మడిచి కుట్టుకున్నాడు. మా మేనకోడలు ఇంతవరకు సాధించినవి నాకు తెలిసినంత మటుకు రాశాను. ఇక రాయడానికి మిగిలింది తేదీ ఒక్కటే. ఆమె వచ్చేది వచ్చే నెల ఇరవై ఆరో తేదీ, గురువారం.